వినేవాళ్ళ మీద కెమెరా: ఒక వైల్డ్ నాటకాన్ని సినిమాగా మలుస్తున్న డైరీ

జనవరి: కథ, హక్కులు, కత్తెర

పోయినేడు ఇంగ్లండ్‌లోని మా రెడింగ్ నాటక బృందం ఆస్కార్ వైల్డ్ రాసిన 'యాన్ ఐడియల్ హజ్బెండ్'ను స్టేజీ మీద వేసింది. ఈ ఏడాది దాన్నే యాభై నిమిషాల సినిమాగా తీస్తున్నాం. స్క్రీన్‌ప్లే పని నాకు వచ్చింది. కెమెరా, సౌండ్, మేకప్ చూసేవాళ్ళందరూ ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాలు వచ్చేవాళ్ళే. బృందంలో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ మా ఎడిటరూ. అతను గుంటూరు కుర్రాడు. నన్ను అక్కా అంటాడు కానీ నా డైలాగులు కోసేటప్పుడు ఆ చుట్టరికం గుర్తుపెట్టుకోడు.

హక్కుల టెన్షన్ లేదు. వైల్డ్ 1900 నవంబర్ 30న పారిస్‌లో చనిపోయాడు. రచయిత పోయాక 50 ఏళ్ళ వరకే హక్కులుండే రోజుల్లో, 1950తోనే ఆయన నాటకాలు అందరివీ అయిపోయాయి. ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. సర్ రాబర్ట్ చిల్టర్న్ బ్రిటిష్ విదేశాంగ శాఖలో ఉపమంత్రి. నిజాయితీకి పెట్టింది పేరు. భార్య గెర్‌ట్రూడ్ ఆయన్ని పీఠమెక్కించి పూజిస్తుంది. లండన్ గ్రోవ్‌నర్ స్క్వేర్‌లోని వాళ్ళింట్లో విందు జరుగుతుండగా వియన్నా నుంచి మిసెస్ చీవ్లీ అనే ఆవిడ దిగుతుంది. ఆమె దగ్గర ఒక పాత ఉత్తరం ఉంది. రాబర్ట్ కుర్రవాడిగా ఒక పెద్దమనిషి దగ్గర సెక్రటరీగా ఉన్నప్పుడు, సూయజ్ కాలువ వాటాలను ప్రభుత్వం కొనబోతోందన్న రహస్యాన్ని బారన్ ఆర్న్‌హైమ్ అనే షేర్ల వ్యాపారికి అమ్ముకున్నాడు. ప్రకటన రావడానికి మూడు రోజుల ముందు రాసిన ఉత్తరం అది. అందుకు ముట్టింది 1,10,000 పౌండ్లు. ఇప్పుడు అర్జెంటీనా కాలువ పేరుతో నడుస్తున్న ఒక మోసపు కంపెనీని పార్లమెంటులో వెనకేసుకొస్తే ఉత్తరం తిరిగిచ్చేస్తానంటుంది ఆవిడ. రాబర్ట్ స్నేహితుడు లార్డ్ గోరింగ్ పనీపాటా లేని సోగ్గాడిలా కనిపిస్తూనే అందరి చిక్కుముళ్ళూ విప్పుతాడు. సూయజ్ వాటాల కొనుగోలు నిజంగా జరిగిందే. 1875లో ప్రధాని డిజ్రేలీ ఈజిప్టు పాలకుడి వాటాలను దాదాపు 40 లక్షల పౌండ్లకు కొన్నాడు.

నాటకం 1895 జనవరి 3న హేమార్కెట్ థియేటర్‌లో మొదలైంది. తొలిరోజు చూసిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్ "ఒక్క మాట కూడా తీయకండి" అని వైల్డ్‌తో అన్నాడని చెప్పుకుంటారు. ఆయనకేం, యువరాజు. యాభై నిమిషాల్లో ఇరికించే పని ఆయనకి లేదు.

కోతకి నాదొక పద్ధతి ఉంది. ముందు చమత్కారాలన్నీ పక్కనపెట్టి, కథ నడవడానికి ఏ మాట లేకపోతే కుదరదో అది మాత్రమే ఉంచి ఒక ప్రతి రాసుకుంటాను. కథ ఎక్కడ నిలబడుతోందో, ఎక్కడ మాటల మీద వేలాడుతోందో దాంట్లో తెలిసిపోతుంది. ఆ ప్రతిని ఎడిటర్‌కి పంపితే ఫోన్ చేశాడు. "అక్కా, కథంతా ఉంది. కానీ గిరీశం నోరు కుట్టేసి కన్యాశుల్కం ఆడినట్టుంది."

సరిగ్గానే పట్టుకున్నాడు. రెండూ ఒక కాలం సరుకే. వైల్డ్ తొలి సొసైటీ కామెడీ 'లేడీ విండర్మియర్స్ ఫ్యాన్' 1892 ఫిబ్రవరిలో లండన్‌లో ఆడింది. కన్యాశుల్కం అదే ఏడాది ఆగస్టులో విజయనగరంలో తొలిసారి వేశారు. గిరీశం ఇంగ్లీషు ముక్కలు, హేమార్కెట్ పెద్దమనుషుల ముక్తాయింపులు, రెండూ ఎదుటివాడి కళ్ళు కప్పడానికే. ఆ మాటలు తీసేస్తే ఎవరు ఏం దాస్తున్నారో కూడా పోతుంది. కాబట్టి చమత్కారాలు వెనక్కి రావాలి. ఎన్ని, ఎక్కడ అన్నదే లెక్క.

ఫిబ్రవరి: ఇంతకీ ఏ సంవత్సరం?

నాటకంలో సంవత్సరం రాయలేదు. కాలం "ప్రస్తుతం" అని ఉంటుంది, అంతే. అందరూ 1895 అనుకుంటారు, తొలి ప్రదర్శన అప్పుడు కాబట్టి. కానీ లెక్క వేసి చూడండి. సూయజ్ వ్యవహారం 1875. అప్పుడు తనకి 22 ఏళ్ళని రాబర్ట్ రెండో అంకంలో చెబుతాడు. అతనికిప్పుడు 40 అని అచ్చు ప్రతిలో ఉంది. అంటే 1893. వైల్డ్ ఈ నాటకం రాయడం మొదలెట్టిందీ 1893 వేసవిలోనే, థేమ్స్ ఒడ్డున గోరింగ్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుని. హీరో పేరు ఆ ఊరిదే. మా రెడింగ్ నుంచి రైల్లో పావుగంట. ఇంకో నాటకంలోని లేడీ బ్రాక్‌నెల్ పేరూ మా పక్క ఊరిదే. ఈ చుట్టుపక్కల స్టేషన్ల బోర్డులు చదువుతుంటే వైల్డ్ పాత్రల జాబితా చదివినట్టే ఉంటుంది.

(రెడింగ్‌కి వైల్డ్‌తో ఉన్న రెండో సంబంధం అంత సరదాది కాదు. 1895 నవంబర్‌లో ఆయన్ని ఇక్కడి జైలుకే మార్చారు. ఆ ఏప్రిల్‌లో అరెస్టయినప్పుడు ఈ నాటకం ఇంకా నడుస్తూనే ఉంది. పోస్టర్ల మీద నుంచి రచయిత పేరు తీసేసి నాటకం మాత్రం ఆడించారు. 1899లో పుస్తకం వేసినప్పుడు కూడా పేరు లేదు, 'లేడీ విండర్మియర్స్ ఫ్యాన్ రచయిత' అని వేసుకున్నారు. జైలు గోడ పక్కనుంచే నేను రోజూ ఆఫీసుకి వెళ్తాను.)

1893 అని తేల్చడం వల్ల ఇంకో లాభం ఉంది, గౌన్ల చేతులు. 1895 నాటికి ఆడవాళ్ళ గౌన్ల భుజాలు బెలూన్లలా ఊరిపోయాయి, ఆ ఫ్యాషన్ తారస్థాయికి చేరిన ఏడాది అది. స్టేజీ మీద చూడముచ్చటగా ఉంటాయి. ఇద్దరు ఆడవాళ్ళని ఒక ఫ్రేములో, ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపించబోతే మాత్రం మొహం కనబడదు, బట్టే కనబడుతుంది. టెస్ట్ షూట్‌లో కెమెరామన్ తల పట్టుకున్నాడు. 1893 అంటే భుజాలు కాస్త తక్కువ ఉబ్బుతాయి. బట్టల బాధ్యత చూసే ఆవిడకి పని తగ్గింది, నాకు మొహాలు దొరికాయి.

ఫిబ్రవరి చివర: నవ్వు లేని గది

స్టేజీ మీద ఈ నాటకం ప్రేక్షకుల నవ్వుతో నడుస్తుంది. నటుడు మాట విసిరి, నవ్వు లేచి, అది సగం తగ్గేవరకు ఆగి, తర్వాతి మాట అందుకుంటాడు. మా వాళ్ళందరికీ ఆ ఆగడం ఒంటబట్టింది. కెమెరా ముందు అలాగే ఆగితే ఆ ఖాళీలో చచ్చినంత నిశ్శబ్దం. ఆగకుండా గబగబా చెబితే చమత్కారం చెవిన పడకముందే తర్వాతిది వచ్చేస్తుంది. మొదటి టెస్ట్ ఫుటేజీ చూసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

మందు ఏమిటో ఒక పాత మూకీ సినిమాలో కనిపించింది. 'లేడీ విండర్మియర్స్ ఫ్యాన్'ను 1925లో ఎర్న్‌స్ట్ లూబిచ్ తీశాడు. మాటలకే పేరు పొందిన నాటకం, మాటల్లేని సినిమా. వైల్డ్ చమత్కారాలను టైటిల్ కార్డుల మీద కూడా వేయలేదు. బదులుగా నాటకంలో లేని గుర్రప్పందాల సన్నివేశం పెట్టాడు. అక్కడ పెద్దమనుషులంతా గుర్రాలను వదిలేసి బైనాక్యులర్లతో ఒక స్త్రీని చూస్తుంటారు. ఎవరు ఎవరిని ఎలా చూస్తున్నారన్నదే కామెడీ. మేం మాటలు వదలబోవడం లేదు. కానీ ఆ చూపు మాకు కావాలి.

గోరింగ్‌కీ అతని తండ్రి లార్డ్ కావర్షంకీ మధ్య ఒక చిన్న సంభాషణ ఉంది. "నువ్వు చెప్పేది నీకెప్పుడూ అర్థమవుతుందా?" అంటాడు ముసలాయన. "శ్రద్ధగా వింటే అవుతుంది నాన్నగారూ" అంటాడు కొడుకు. దీన్ని మాట్లాడేవాడి మీద కెమెరా పెట్టి ఒకసారి, వినేవాడి మీద పెట్టి ఒకసారి తీశాం. గోరింగ్ మొహం చూపిస్తే అతను తెలివైనవాడని తెలుస్తుంది, అంతే. తండ్రి మొహం చూపిస్తే, ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఇలాంటి జవాబులే వస్తున్నాయనీ, ఆయన వాటికి అలవాటు పడలేదనీ, లోలోపల కాస్త ముచ్చట కూడా పడుతున్నాడనీ తెలుస్తుంది. ఆ మొహమే నవ్వు తెప్పించింది. స్టేజీ మీద హాలంతా చేసే పని ఇక్కడ ఒక్క మనిషి చేస్తున్నాడు.

అప్పటినుంచి స్క్రిప్టులో ప్రతి చమత్కారం పక్కన "ఎవరు వింటున్నారు?" అని ఒక గడి పెట్టుకున్నాను. గడిలో పేరు రాయలేకపోతే ఆ మాటకి సినిమాలో చోటు లేదు. విందు మొదట్లో మిసెస్ మార్చ్‌మాంట్, లేడీ బాసిల్డన్ సోఫాలో కూర్చుని ఆడుకునే మాటలు స్టేజీ మీద నాకు చాలా ఇష్టం. వాటిని వినేవాళ్ళు ప్రేక్షకులు తప్ప ఎవరూ లేరు. చాలావరకు పోయాయి. మిగిలిన ముక్కలు మెట్లెక్కుతున్న రాబర్ట్ వెనకాల గుసగుసలుగా వినిపిస్తాయి. రాబర్ట్‌తో మిసెస్ చీవ్లీ తొలి సంభాషణ మాత్రం దాదాపు పూర్తిగా ఉంచాను. సూయజ్ అన్న మాట ఆమె నోట తేలిగ్గా, వాతావరణం గురించి మాట్లాడినట్టు వస్తుంది. అప్పుడు తెర మీద ఉండేది రాబర్ట్. ఎడిటింగ్‌లో దీనికి జే కట్ వాడతాం, అంటే బొమ్మ మారకముందే తర్వాతి మనిషి గొంతు మొదలవుతుంది. రాబర్ట్ కాఫీ అందుకుంటున్న షాట్ మీదే ఆమె గొంతు వచ్చేస్తుంది.

మార్చి: గది దాటాలా వద్దా

నాటకాన్ని సినిమా చేయగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే, బయటికి తీసుకెళ్ళు. పార్కు, గుర్రపు బళ్ళు, వీధులు. అలెగ్జాండర్ కోర్డా 1947లో టెక్నికలర్‌లో తీసినప్పుడు సెసిల్ బీటన్ బట్టలు గీశాడు, ఆ రంగుల కోసమైనా చూడాల్సిందే. ఆలివర్ పార్కర్ 1999లో తీసిన దాంట్లో పార్లమెంటు సభనే చూపించారు. వాళ్ళ దగ్గర డబ్బుంది.

మాకు డబ్బూ లేదు, లండన్ కూడా లేదు. గ్రోవ్‌నర్ స్క్వేర్‌కి వెళ్ళి చూశాను. చౌకానికి పడమటి వైపంతా ఒకప్పటి అమెరికన్ ఎంబసీ భవనం, 1960లో తెరిచింది. తోటలో రూజ్‌వెల్ట్ విగ్రహం. రాబర్ట్ ఇంటి ముందు గుర్రపు బండి ఆగే షాట్ పెట్టాలంటే వీటన్నిటినీ కంప్యూటర్‌లో చెరపాలి. అక్కడినుంచి సౌత్ ఆడ్లీ స్ట్రీట్ మీదుగా గోరింగ్ ఉండే కర్జన్ స్ట్రీట్ వరకు నడిచాను. పది నిమిషాలు కూడా పట్టదు. ఆ నడక మాత్రం పనికొచ్చింది. ఒక పెళ్ళయిన గొప్పింటి స్త్రీ రాత్రి పదింటికి ఒంటరిగా ఆ వీధి నడిచి బ్రహ్మచారి ఇంటి తలుపు తడితే 1893లో ఆమె పరువు అక్కడితో సరి. దూరం ఇంత తక్కువ అని కళ్ళతో చూశాక మూడో అంకం వేరుగా అర్థమైంది. దాని గురించి కింద రాస్తాను.

పార్లమెంటు ప్రసంగం మీద బృందంలో పెద్ద వాదనే జరిగింది. కథకి శిఖరం అదే కదా, చూపించకపోతే ఎలా అన్నారు. నాటకంలో ఆ ప్రసంగం మూడో అంకానికీ నాలుగో అంకానికీ మధ్య, తెర వెనక జరిగిపోతుంది. రాబర్ట్ అర్జెంటీనా పథకాన్ని ఎండగట్టాడన్న సంగతి మర్నాడు టైమ్స్ పత్రిక చూసిన కావర్షం నోట తెలుస్తుంది. కొడుకుని తిట్టడానికి వచ్చి, పక్కవాడి కొడుకులా నువ్వెందుకు లేవు అనే ధోరణిలో చెబుతాడాయన.

నా వాదన ఇది. రాబర్ట్ సభలో లేచి మాట్లాడే సమయానికి ఆ ఉత్తరాన్ని గోరింగ్ కాల్చేశాడు. ఆ సంగతి రాబర్ట్‌కి తెలియదు. తెల్లారేసరికి తన బతుకు వీధిన పడుతుందనుకుంటూనే మాట్లాడాడు. ప్రసంగం చూపిస్తే ప్రేక్షకుడికి ఒక వీరుడు కనిపిస్తాడు, చప్పట్లు వినిపిస్తాయి. చూపించకపోతే, ముసలాయన పేపరు మాట చెబుతున్నప్పుడు గోరింగ్ మొహం మనకి దక్కుతుంది. ఆ గదిలో ప్రసంగం అసలు ఖరీదు తెలిసినవాడు అతనొక్కడే. మళ్ళీ వినేవాడే. నాటకంలో మిసెస్ చీవ్లీ ఒకప్పుడు దొంగిలించిన పాముబొమ్మ నగతోనే గోరింగ్ ఆమెని ఇరికించి ఉత్తరం రాబడతాడు. 1999 సినిమాలో ఆ నగ కథని తీసేసి గోరింగ్‌కీ మిసెస్ చీవ్లీకీ మధ్య పందెం పెట్టారు. రాబర్ట్ సభలో ఏం చేస్తాడన్నదే పందెం, కాబట్టి వాళ్ళకి సభ చూపించక తప్పదు. మేం నగనే ఉంచుకుంటున్నాం, సభ అక్కర్లేదు. ఓటింగ్‌లో నెగ్గాను, స్వల్ప మెజారిటీతో.

నటుల ఎంపికకి వైల్డ్ స్వయంగా సాయం చేశాడు. అచ్చు పుస్తకంలో ఒక్కో పాత్ర ప్రవేశం దగ్గర చిన్న వర్ణన ఉంటుంది, పాఠకుల కోసం. రాబర్ట్ తలని వాన్ డైక్ బొమ్మ గీయడానికి ఇష్టపడేవాడట. కావర్షం లారెన్స్ గీసిన చిత్రపటంలా ఉంటాడట. మిసెస్ చీవ్లీ కళాఖండమే కానీ మరీ ఎక్కువ శైలుల ప్రభావం పడిందట! హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇవేవీ వినబడవు. నేను వీటిని కెమెరామన్‌కి ఇచ్చాను. రాబర్ట్‌కి పక్కనుంచి ఒకే వెలుగు, వెనక చీకటి. మిసెస్ చీవ్లీకి ఏ రెండు షాట్లలోనూ ఒకే రకం లైటింగ్ ఉండదు. ఇది అతనికి నేను అడిగిన పనులన్నిటిలోకీ నచ్చిన పని.

ఏప్రిల్: మూడో అంకం

నెలంతా దీనికే పోయింది, పోవాలి కూడా.

కర్జన్ స్ట్రీట్‌లో గోరింగ్ ఇంటి లైబ్రరీ. కుడివైపు హాలు తలుపు, ఎడమవైపు సిగరెట్ గది తలుపు, వెనక డ్రాయింగ్ రూంలోకి జంట తలుపులు. భర్త రహస్యం తెలిసి కుప్పకూలిన గెర్‌ట్రూడ్ గులాబీ రంగు కాగితం మీద గోరింగ్‌కి ఉత్తరం పంపుతుంది. నువ్వు కావాలి, నిన్ను నమ్ముతున్నాను, నీ దగ్గరికి వస్తున్నాను అని. పైన పేరు లేదు. ఒక ఆవిడ వస్తుంది, డ్రాయింగ్ రూంలో కూర్చోబెట్టమని గోరింగ్ బట్లర్ ఫిప్స్‌కి చెబుతాడు. ఈలోగా తండ్రి ఊడిపడతాడు. తండ్రిని సిగరెట్ గదిలోకి తీసుకెళ్ళగానే ఒక ఆవిడ వస్తుంది. అయితే వచ్చింది మిసెస్ చీవ్లీ. ఫిప్స్‌కి తేడా తెలియదు, చెప్పినట్టే లోపల కూర్చోబెడతాడు. తండ్రి వెళ్ళేసరికి రాబర్ట్ వస్తాడు. గోరింగ్ గుండె గొంతులోకి వస్తుంది, లోపల ఉన్నది రాబర్ట్ భార్యే అనుకుంటున్నాడు కాబట్టి. లోపల కుర్చీ పడుతుంది.

స్టేజీ మీద మూడు తలుపులూ ప్రేక్షకుడి ఎదుటే ఉంటాయి. ఎవరు ఎందులో ఉన్నారో గుర్తుపెట్టుకోవడానికి కష్టం లేదు. సినిమాలో ఫ్రేముకి ఒక తలుపే పడుతుంది. రెండు కట్‌ల తర్వాత ఏది ఎటో ఎవరికీ గుర్తుండదు. మ్యాపు తెలియకపోతే సస్పెన్స్ లేదు. మేం చేసింది: అంకం మొదట్లో కట్ లేకుండా ఒకే షాట్‌లో కెమెరా ఫిప్స్ వెంట తిరుగుతుంది. అతను పత్రికలు సర్దుతూ ఒక్కో తలుపూ తీసి మూస్తాడు. తర్వాత ఒక్కో గదికీ ఒక్కో వెలుగు ఇచ్చాం. హాలు కాస్త చల్లని నీలం, సిగరెట్ గది నల్లగా, డ్రాయింగ్ రూం కొవ్వొత్తుల పసుపు. కొవ్వొత్తులు మా కల్పన కాదు. మిసెస్ చీవ్లీయే వెలిగించమంటుంది, షేడ్లు మొహానికి నప్పేవేనా అని అడుగుతుంది. ఇప్పటివరకు ఫిర్యాదులు రాలేదండీ అంటాడు ఫిప్స్. నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర ఫిప్స్. మా ఫిప్స్ రిటైరైన లెక్కల మాస్టారు, కనుబొమ్మ కూడా కదపడు.

అసలు ప్రశ్న: కుర్చీ పడేముందు డ్రాయింగ్ రూంలోకి కెమెరా వెళ్ళాలా? వెళ్తే, తలుపుకి చెవి ఆనించి నవ్వుకుంటున్న మిసెస్ చీవ్లీని చూపించొచ్చు. ఆ పాత్ర వేసే ఆవిడ అది చాలా బాగా చేసింది కూడా. ఆ షాట్ పెట్టి చూశాం. బాగుంది, కానీ గోరింగ్ సీను చచ్చిపోయింది. ఆమె అక్కడ ఉందని ప్రేక్షకుడికి ముందే తెలుసు, లోపలికి పంపడం కళ్ళారా చూశాడు. కొత్తగా తెలిసేదేం లేదు. బయటే ఉంటే, గోరింగ్ కళ్ళు ఆ తలుపు కింద పసుపు గీత మీదికి ఎన్నిసార్లు పోతున్నాయో చూడొచ్చు. అతను ఒకటి అనుకుంటున్నాడు, మనకి ఇంకోటి తెలుసు. రాబర్ట్ తలుపు తోసి చూసి, మొహం ఎర్రబడి తిరిగొస్తే, గోరింగ్ ఇంకా గెర్‌ట్రూడ్ గురించే అనుకుని, ఆమె ఏ పాపం ఎరగదు, నిన్నే ప్రేమిస్తోంది అని వాదిస్తుంటాడు! ఇక్కడ రాబర్ట్ వినే మొహం, గోరింగ్ వేడుకునే మొహం రెండూ ఒక్క ఫ్రేములోనే ఉండాలి. కట్ చేస్తే కామెడీ కారిపోతుంది. లోపలి షాట్ తీసేశాం. ఆవిడ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

నాటకంలో లేని షాట్ ఒకే ఒక్కటి కలిపాను. ఆ గంటలో గెర్‌ట్రూడ్ ఏం చేసిందో స్టేజీ మీద కనబడదు. మా సినిమాలో ఆమె శాలువా కప్పుకుని తన ఇంటి తలుపు దాకా వస్తుంది. గడియ తీస్తుంది. మళ్ళీ వేస్తుంది. మాటలేం లేవు. వీధి దూరం పది నిమిషాలని తెలిశాక నాకు ఆ గడియే అడ్డం అనిపించింది. దీన్ని రాబర్ట్, గోరింగ్ వాదన మధ్యలో పెట్టాలని నేను, తర్వాత పెట్టాలని ఎడిటర్. ప్రస్తుతానికి తర్వాతే ఉంది.

ఏప్రిల్ చివర: వస్తువులు

గులాబీ కాగితం కొవ్వొత్తి రంగు బల్బుల కింద గులాబీగా కనిపించదు. వెలుగు రంగుని కొలిచే లెక్కలో కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900 కెల్విన్, అంటే బాగా పసుపు, అందులో లేత గులాబీ మీగడ రంగైపోతుంది. ముదురు గులాబీ కాగితం కొన్నాం, పగలు చూస్తే పెళ్ళి శుభలేఖలా ఉంది, తెర మీద సరిగ్గా ఉంది. పైన పేరు లేదన్న సంగతి ప్రేక్షకుడికి గుర్తుండాలి కాబట్టి ఉత్తరం వచ్చినప్పుడే క్లోజప్.

పాముబొమ్మ నగ ఇంకో కథ. అది పిన్నులా పెట్టుకోవచ్చు, చేతికి కడియంలా తొడగొచ్చు. దొంగిలించిన మిసెస్ చీవ్లీకి రెండోది తెలియదు. గోరింగ్ దాన్ని ఆమె చేతికి తొడిగి బిగిస్తాడు, ఊడదీసే మీట ఎక్కడుందో ఆమెకి అంతుబట్టదు. మా అమ్మ పంపిన ఇమిటేషన్ నాగవంకీని కాస్త సాగదీసి, తల మీద ఎర్ర రాయి అతికించి, లోపల అయస్కాంతం పెట్టాం. పని చేసింది. విక్టోరియన్ వజ్రాల నగ తెనాలి నుంచి వచ్చిందని క్రెడిట్స్‌లో వేయమంటున్నాడు ఎడిటర్.

సూయజ్ ఉత్తరం కాల్చే షాట్ ఇంట్లో కుదరదు, మేం అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో మంట వెలిగించకూడదని షరతు. చేతులు, దీపం, కాగితం మాత్రమే కనిపించేలా మా పెరట్లో విడిగా తీశాం.

మే: ఇబ్బందిపెట్టే ప్రసంగం

నాలుగో అంకంలో ఒక చోట ఈ కాలం ప్రేక్షకుడు కుర్చీలో కదులుతాడు. భర్త రాజకీయాలు వదిలేయాలని పట్టుబట్టిన గెర్‌ట్రూడ్‌కి గోరింగ్ నచ్చజెబుతాడు. మగవాడి జీవితం ఆడదాని జీవితం కన్నా విలువైనది, దాని పరిధి పెద్దది, ఆడదాని జీవితం భావాల చుట్టూ తిరుగుతుంది అని. ఆమె భర్త ముందు అవే మాటలు దాదాపు పొల్లుపోకుండా తిరిగి చెబుతుంది.

తీసేద్దామన్నారు కొందరు. తీసేస్తే గెర్‌ట్రూడ్ మనసు ఎందుకు మారిందో తెలియదు. పైగా ఈమె ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. విమెన్స్ లిబరల్ అసోసియేషన్ మీటింగులకి వెళ్తుంది. ఫ్యాక్టరీ చట్టాలు, ఎనిమిది గంటల పనిదినం, ఓటు హక్కు, ఇవన్నీ అక్కడ చర్చకి వస్తాయని రెండో అంకంలో తనే చెబుతుంది. (ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి, అదీ కొందరికే, పార్లమెంటు ఓటు దక్కింది 1918లో.) అలాంటి మనిషి నోట ఈ మాటలు రావడం వైల్డ్ మనసులో వ్యంగ్యమో, నిజమో నేను తేల్చను. తెర మీద తేల్చాల్సిన పని కూడా లేదు.

ఆమె ఆ మాటలు అప్పజెప్పేటప్పుడు గోరింగ్ అదే గదిలో ఉన్నాడు. కెమెరా అతని మీద. ఐదు నిమిషాల క్రితం తను చెప్పిన పాఠం, ఇప్పుడు ఆమె గొంతులో, ఒక్క అక్షరం తేడా లేకుండా. మా గోరింగ్‌కి నేనేం చేయమనీ చెప్పలేదు, విను అన్నాను. మొదట గర్వంగా విన్నాడు. మధ్యలో ఎక్కడో కళ్ళు దించేశాడు. ఆ టేక్ వాడుతున్నాం. రిహార్సల్ చూసిన మేకప్ ఆవిడ "ఇప్పుడు ఆ మాటలు నాకు కోపం తెప్పించలేదు, అతనికి సిగ్గుగా ఉండాలనిపించింది" అంది. నాకది చాలు.

జూన్: ఎడిటింగ్ టేబుల్

షూటింగ్ అయింది. మొదటి అంకం ముగింపు రఫ్ కట్, అంటే ఎడిటింగ్ తొలి ప్రతి, చూశాం. విందు అయిపోయి, భార్య మాటకి లొంగి మిసెస్ చీవ్లీకి నిరాకరణ ఉత్తరం పంపేశాక, రాబర్ట్ నౌకరుతో దీపాలు ఆర్పమంటాడు. గది దాదాపు చీకటైపోయి, మెట్ల మీద వేలాడే షాండిలియర్ వెలుగు మాత్రం గోడకి వేలాడే, బొమ్మ నేసిన తెర మీద పడుతుంది. ఆ బొమ్మ పేరు 'ప్రేమ విజయం'. ఇదంతా వైల్డ్ రాసిందే, నేను కామా కూడా కలపలేదు. సినిమా ఇంకా పుట్టని రోజుల్లో, 1895 డిసెంబర్లో లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి బొమ్మలు చూపించడానికి ముందే, ఈయన లైటింగ్ షాట్ రాసి పెట్టాడు. వెలుగు తగ్గించే మా డిమ్మర్లు ఒక్కో బల్బునీ విడిగా ఆర్పేలా అమర్చడానికి సగం రోజు పట్టింది.

ఇప్పటికి ఫిల్మ్ అరవై నిమిషాల దగ్గర ఉంది. ఎడిటర్ చూపు లేడీ మార్క్‌బీ మీద పడింది. వాగుడుకాయ పాత్ర, కథకి అవసరం లేదంటాడు. కానీ రెండో అంకంలో ఆమె వాగుతున్నంతసేపూ గెర్‌ట్రూడ్, మిసెస్ చీవ్లీ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. ఆమె గొంతు వెనక పెట్టి, ఆమె మొహం ఒక్కసారీ చూపించకుండా ఆ సీను కట్ చేసి పంపాను. "అక్కా, ఇలాగైతే ఉండనీ" అని మెసేజ్ పెట్టాడు. ఆ పాత్ర వేసినావిడకి ఈ కట్ ఇంకా చూపించలేదు.

మిగిలింది సౌండ్. హీత్రోలో దిగే విమానాలు మా 1893 మీదుగా యథేచ్ఛగా వెళ్ళాయి. రాబర్ట్, గెర్‌ట్రూడ్ రెండో అంకం గొడవ మొత్తం మళ్ళీ డబ్బింగ్ చెప్పించాలి. కుర్చీ చప్పుడు కూడా సరిపోలేదు, తివాచీ మీద పడి దిండు పడ్డట్టు వినిపిస్తోంది. వచ్చే శనివారానికి సౌండ్ అతను చెక్క నేల ఉన్న హాలు చూసిపెట్టాడు, కుర్చీలు మమ్మల్నే తెచ్చుకోమన్నారు.